బడి చదువు, బయటి చదువు

తెలుగునాట విద్యాచరిత్ర రాసినవారు బడుల సంఖ్యనూ, ప్రభుత్వ ఉత్తర్వులనూ, పాఠ్యగ్రంథాలనూ శ్రద్ధగా నమోదు చేశారు గాని, బడి వదిలాక విద్యార్థి ఏం చదివేవాడు, దేనితో పొద్దుపుచ్చేవాడు అన్న సంగతిని పిల్లచేష్టల కింద జమకట్టి పక్కన పెట్టారు. నిజానికి ఆధునిక తెలుగు సాహిత్యానికి పాఠకులను తయారుచేయడంలో తరగతిగది కన్నా ఆ మిగులు సమయానిదే పెద్దపాత్ర. పాఠం వేరు, వినోదం వేరు అన్న విభజన కూడా ఈ సమాజంలో అనాదిగా ఉన్నది కాదు. పరీక్ష అనే వ్యవస్థ వచ్చి చదువును ఉద్యోగానికి ముడిపెట్టిన తరువాత ఏర్పడినది.

ఆ విభజనకు పూర్వపు స్థితిని తెలుసుకోవడానికి 1823 నాటి బళ్ళారి కలెక్టరు నివేదిక మంచి ఆధారం. దేశీయ విద్య స్థితిగతులను జిల్లాలవారీగా తెలపమని మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో కోరగా, తెలుగు వ్యాకరణకర్త కూడా అయిన ఎ.డి. క్యాంబెల్ తన జిల్లాను గురించి సుదీర్ఘంగా జవాబు రాశాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆ జిల్లాలో అప్పుడు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండేవారు. బడుల్లో 235 కన్నడానివి, 226 తెలుగువి, తక్కినవి మరాఠీ, పారశీ, సంస్కృతం మొదలైనవి. అన్ని వేలమందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే.

వీధిబడి అంటే ప్రత్యేకంగా కట్టిన భవనమేమీ కాదు; అయ్యవారి ఇంటి అరుగు, గుడి మండపం, ఏదీ లేకపోతే చెట్టునీడ. తెల్లవారగానే బడి మొదలయ్యేది. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో, పొగడ్తా తెగడ్తా లేదన్నట్టుగా, సున్న చుట్టేవారు. మూడోవాడికి బెత్తంతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున పెంచుకుంటూ పోయేవారు. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్ది, తరువాత తాటాకు మీద గంటంతోనో, బొగ్గుమసి పట్టించి మడతలుగా పెట్టుకునే కడితం అనే గుడ్డపుస్తకం మీద బలపంతోనో రాసేవారు. మొండికేసినవారికి గుంజీలు తప్పేవి కావు. మరీ మాట వినకపోతే రెండు చేతులతో తాడు పట్టించి దూలానికి వేలాడదీసేవారు, దీనినే తెలుగు బడుల్లో కోదండం అనేవారు. ఇంత కఠినంగా కనిపించే ఈ పద్ధతిలోనే, పై తరగతి పిల్లల చేత కింది తరగతి పిల్లలకు చెప్పించే ఏర్పాటు క్యాంబెల్‌కు ఎంతగానో నచ్చింది. ఇంగ్లండు దానిని అనుకరించడం సబబేనని కూడా అతడు రాశాడు.

అతనికి నచ్చనిది వల్లెవేత. పిల్లలు చదివే రామాయణ భారత భాగవతాలు వాడుకభాషకు దూరమైన కావ్యభాషలో ఉండటం వల్ల, పద్యాలు చిలకల్లా అప్పగించేవారే గాని వాటి అర్థం తెలిసినవారు లేరని అతని ఫిర్యాదు. ఫిర్యాదులో నిజం ఉంది గాని అది సగం నిజమే. బడిలో అర్థం తెలియకుండా నోటికి వచ్చిన కథే రాత్రిపూట తోలుబొమ్మలాటలోనో, వీధిభాగవతంలోనో వ్యాఖ్యానంతో, హాస్యంతో, ఆటపాటలతో మళ్ళీ ఎదురయ్యేది. పద్యం పగలు నోటికి ఎక్కితే దాని అర్థం చాలామందికి రాత్రి తెలిసేది. కలెక్టరు తనిఖీలు పగటిపూట జరిగాయన్న సంగతిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. దసరా పండుగకు ఈ కలయిక మరింత స్పష్టంగా కనిపించేది. అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని, పూలతో రంగుకాగితాలతో అలంకరించిన విల్లంబులు వారి చేతికిచ్చి, ఇంటింటికీ తిరిగి దసరా పద్యాలు పాడించేవారు. గృహస్థులు అయ్యవారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. అయ్యవారి జీతం, పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందన్న ప్రదర్శన, ఊరి వినోదం, మూడూ ఒక్క ఊరేగింపులో తీరిపోయేవి.

అచ్చుపుస్తకం, పరీక్ష ఈ స్థితిని మార్చాయి. 1832లో పుదూరి సీతారామశాస్త్రి మద్రాసులో వెలువరించిన బాలశిక్ష, తరువాతి ముద్రణలలో పెరిగి పెద్దబాలశిక్షగా స్థిరపడి, అక్షరాలు మొదలుకొని తిథి వార నక్షత్రాలు, అరవై సంవత్సరాల పేర్లు, లెక్కలు, నీతివాక్యాల దాకా ఒక గృహస్థుకు కావలసిన సరంజామానంతా ఒకేచోట పోగుచేసింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి, కళాశాలలో చేరడానికి అర్హతగా మెట్రిక్యులేషను అనే ప్రవేశపరీక్ష నెలకొన్నాక, పిల్లవాడి విలువను తేల్చే అధికారం ఊరి చేతిలోంచి మద్రాసులో కూర్చున్న పరీక్షకుల చేతికి పోయింది. ఆ వెంటనే పరీక్ష గట్టెక్కించే పుస్తకాలూ పుట్టుకొచ్చాయి. గురజాడ అప్పారావు 1909లో పెంచి ప్రచురించిన కన్యాశుల్కంలో గిరీశం, తన శిష్యుడు వెంకటేశం చేత ఇంట్లో డబ్బు అడిగించడానికి ఒక పుస్తకాల జాబితా తయారుచేస్తాడు. రాయల్ రీడరుతో మొదలయ్యే ఆ జాబితాలో పాఠాలను సులభం చేసిపెట్టే మేడీజీ కూడా ఉంటుంది. ఆనాటికే గైడు అనేది ప్రేక్షకులు వినగానే నవ్వగలిగినంత పరిచితమైన వస్తువై ఉండాలి, లేకపోతే ఆ చమత్కారం పండదు.

ఇంగ్లీషు చదువు పట్టణాల్లో ఉండటంతో పల్లెల పేదపిల్లలకు వారాలు దిక్కయ్యాయి. వారాలు చేసుకోవడం అంటే వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనానికి మాట తీసుకొని, ఏడు ఇళ్ళ అన్నంతో చదువు సాగించడం. ఏ ఇంట్లోనైనా మైల వచ్చినా, ఇల్లాలు పుట్టింటికి వెళ్ళినా ఆ రోజు పస్తు. ఏడిళ్ళ గడపలు తొక్కిన ఆ కుర్రవాడికి ఊరి లోకజ్ఞానం పుస్తకజ్ఞానం కన్నా ముందే అబ్బేదని చెప్పడం అతిశయోక్తి కాదు. ఒంగోలులో తల్లి పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివించగా, ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు వెంట రాజమహేంద్రవరం చేరిన టంగుటూరి ప్రకాశం, చదువుకుంటూనే నాటకాల్లో వేషాలు కట్టాడు. ఆ నాయుడుగారే నాటకసమాజం నడిపేవారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం తొలి నాటకాలు రాసిందీ ఆ సమాజం కోసమే. గురువే నాటకాల గురువు కూడా కావడంతో ఇక్కడ పాఠానికీ వేషానికీ మధ్య గోడ ఇంకా పూర్తిగా లేవలేదు. పెద్దల దృష్టిలో మాత్రం నాటకాల పిచ్చి పట్టిన విద్యార్థి చెడిపోయినవాడి కిందే లెక్క.

బడి గడప తొక్కకుండానే చదువుకున్నవారి కథ వేరు. భండారు అచ్చమాంబ ఏ పాఠశాలకూ వెళ్ళలేదు. తన దగ్గర ఉండి చదువుకుంటున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పాఠాల పక్కన చేరి తెలుగు, హిందీ నేర్చుకుని, స్త్రీల జీవితచరిత్రలతో అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది. ఆ తమ్ముడే తరువాత బయటిచదువుకు సంస్థారూపం ఇచ్చినవారిలో ముఖ్యుడయ్యాడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడటానికి ఆయన కృషి ప్రధాన కారణం. పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులో బోధించే చరిత్రనూ విజ్ఞానశాస్త్రాన్నీ, పరీక్షతో పనిలేకుండా, తెలుగులో చౌకగా అందించడమే మండలి ఉద్దేశం. దాని తొలి ప్రచురణ 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాము లింకను చరిత్ర. అదే సంవత్సరం బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ఉపన్యసించినప్పుడు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతికి వచ్చిన విద్యార్థుల మీద ప్రిన్సిపాలు మార్క్ హంటర్ చర్య తీసుకోగా, శిక్షణ కళాశాల నుంచి బహిష్కృతులైనవారిలో గాడిచర్ల ఒకడు. బానిసత్వాన్ని రద్దుచేసిన అధ్యక్షుడి జీవితం రాసిన చేతికి సర్కారు కొలువు ఎలాగూ అచ్చిరాకపోయేదేమో.

ఆ తరువాతి ముప్పై ఏళ్ళు గ్రంథాలయోద్యమానివి. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగి, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపి, ప్రయాణికులు దిగేలోగా నాలుగు పేజీలు చదివించే ఏర్పాటు చేశాడు. నైజాం రాజ్యంలో పరిస్థితి మరింత గడ్డుది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగడంతో అక్కడి తెలుగు విద్యార్థికి సొంతభాష బయటిచదువుగానే మిగిలింది. అందుకే అక్కడ గ్రంథాలయం పొద్దుపుచ్చే చోటుగా కాక పట్టుదల గల చోటుగా పెరిగింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. అదే ఏడు వసతిగృహాల్లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి వెళ్ళగొట్టబడిన విద్యార్థులు నాగపూరుకు వెళ్ళి చదువు పూర్తిచేశారు, పి.వి. నరసింహారావు వారిలో ఒకరు.

స్వాతంత్ర్యానికి నెల ముందే, 1947 జులైలో, నాగిరెడ్డి చక్రపాణులు చందమామను తెలుగులోనూ తమిళంలోనూ ప్రారంభించారు. శరత్ నవలలను తెలుగు చేసిన చక్రపాణి చేతిలో పిల్లలభాషకు ఒక నిరాడంబరమైన ఒరవడి ఏర్పడింది. 1952 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు కొడవటిగంటి కుటుంబరావు దానిని నిలబెట్టాడు. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలకు చిత్రా వేసిన బొమ్మలు చూసి అక్షరాలు కూడబలుక్కున్న పిల్లలు ఎందరో. గమనించవలసిందేమిటంటే, ఈ పత్రిక నడిపినవారే విజయా సంస్థ పేరుతో సినిమాలు తీశారు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల ఆధారంతో 1951లో వచ్చిన పాతాళభైరవిని చూసిన పిల్లవాడు, తాను చందమామలో చదివే మాంత్రికుణ్ణే తెర మీద చూస్తున్నట్టు భావించడంలో ఆశ్చర్యం లేదు. నేల టిక్కెట్టు కొన్న కుర్రవాడు హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం కూడా కొనుక్కునేవాడు. నాలుగైదు పేజీల పలుచని ఆ పుస్తకంలో కథను ఆయువుపట్టు దాకా చెప్పి, తక్కినది వెండితెర మీద చూడమని ముగించేవారు. పద్యం వల్లెవేసే పాత అలవాటు ఈ పాటల పుస్తకాల దగ్గర మళ్ళీ తలెత్తింది, ఈసారి బెత్తం అవసరం లేకుండా.

అరవైల నుంచి ఎనభైల దాకా సాగినది అద్దెపుస్తకాల కాలం. కిళ్ళీకొట్టంత గదిలో, ముందు కొంత డబ్బు ధరావతుగా కట్టించుకొని, రోజుకు ఇంతని అద్దెకిచ్చే దుకాణాలు చిన్న పట్టణాల్లో సైతం వెలిశాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, యద్దనపూడి సులోచనారాణి నాయకులు, తరువాత యండమూరి వీరేంద్రనాథ్ నవలలు దళసరి అట్ట బైండింగుతో, చేతులు మారి మారి మెత్తబడిన పేజీలతో అక్కడ దొరికేవి. అద్దె రోజు లెక్కన కనుక ఒక్క రాత్రిలో పూర్తిచేయడం, ఒకే అద్దెకు నలుగురు వంతులవారీగా చదవడం విద్యార్థుల సామాన్య ఆర్థికశాస్త్రం. ఇళ్ళల్లో వారపత్రికల సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, వరుసగా పేర్చి, కుట్టి పుస్తకం చేసుకునేవారు. అలాంటి బైండులో ఒక వారం లోపిస్తే ఆ ఇంటివారికి కథలో ఆ మలుపు ఎప్పటికీ ఊహే. లెక్కల పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని దొరికిపోవడం ఈ తరమంతా పంచుకున్న అనుభవం. మరోపక్క మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాలకు చేరిన సోవియట్ పుస్తకాలు, గట్టి అట్టతో, మంచి కాగితంతో, నమ్మలేనంత చౌకగా దొరికి, యాకొవ్ పెరెల్మాన్ భౌతికశాస్త్రాన్ని పల్లెటూరి హైస్కూలు పిల్లవాడి చేతికి అందించాయి. పాఠ్యపుస్తకం చేయలేకపోయిన పని పెరెల్మాన్ చేశాడని ఒప్పుకునే సైన్సు ఉపాధ్యాయులు తక్కువమంది కారు. 1991తో ఆ సరఫరా ఆగిపోయింది; టెలివిజను ఇల్లిల్లూ చేరడంతో అద్దె దుకాణాలూ ఒక్కొక్కటే మూతపడ్డాయి.

ఆ తరువాత పెరిగిన కార్పొరేటు కళాశాల వసతిగృహాలలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పట్టికలో గడియ గడియకూ పాఠమే ఉండటంతో, మిగులు సమయం అన్నదే దాదాపు మాయమైంది. మిగిలిన కాస్త ఫోను తెరకు పోయింది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టిన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనూ, చిక్కడపల్లి నగర గ్రంథాలయంలోనూ నేడు ఉదయం నుంచే కుర్చీల కోసం పోటీ ఉంటుంది. అక్కడ కూర్చున్న యువతీయువకులలో అధికులు బీరువాల్లోని నవలలను గాని చరిత్రగ్రంథాలను గాని అడిగేవారు కారు. గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షల గైడ్లను సొంత సంచుల్లో తెచ్చుకుని, ఆ బీరువాలకు వీపు ఆనించి చదువుకుంటూ, పనివేళలు రాత్రి దాకా పొడిగించమని అధికారులకు అర్జీలు పెట్టుకుంటున్నారు.