పాతబడటం వేరు, దిక్కులేకపోవడం వేరు: ఎల్బీనగర్ మెట్రో దారిలో ఒక పరిశీలన

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్. మెట్రో రెడ్ లైన్ చివరన వరుసగా వచ్చే ఈ నాలుగు స్టేషన్ల మధ్య రైలు ఎంత వేగంగా పోవాలో, ముందున్న రైలుకు ఎంత దూరంలో ఆగాలో నిర్ణయించేది సెల్‌ట్రాక్ అనే సిగ్నలింగ్ వ్యవస్థ. దీన్ని హైదరాబాద్‌కు సమకూర్చింది థేల్స్ సంస్థ. తానెక్కడుందో రైలే రేడియో ద్వారా కంప్యూటర్‌కు ఎప్పటికప్పుడు తెలియజేస్తుంది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా 16 కిలోమీటర్ల మార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. సిగ్నలింగ్ లెక్కన చూస్తే ఇది ఇంకా పడుచు వ్యవస్థే.

దీనికి పెద్దన్నలాంటిది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది. అక్కడి నగర రైళ్లను సొరంగంలో నడిపించేది కూడా సెల్‌ట్రాకే, కాకపోతే పాత తరానిది. అల్కాటెల్ కంపెనీ దాన్ని 1998లో అమర్చింది. ఆ సిగ్నలింగ్ వ్యాపారం తర్వాత థేల్స్ చేతికి, అక్కడినుంచి 2024లో హిటాచీ రైల్ చేతికి వెళ్లింది. ఆ కేంద్ర సర్వర్‌కు ఇప్పటి తరం పిల్లలు కంటితో చూసి ఎరగని ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలనుంచి ప్రోగ్రాం ఎక్కించాల్సి వచ్చేది. ఈ సంగతి బయటపడగానే ప్రపంచమంతా నవ్వుకుంది. అక్కడి రవాణా అధికారులు చెప్పినదాన్ని పూర్తిగా చదివితే మాత్రం వేరే విషయం కనబడుతుంది. వాళ్ల అసలు తలనొప్పి ఫ్లాపీ కాదు, పట్టాల వెంట పరిచిన కేబుల్. రైలుకూ కంప్యూటర్‌కూ మధ్య సమాచారం మోసేది అదే. అది సులభంగా దెబ్బతింటుంది, మోయగలిగే సమాచారమూ తక్కువే. మొత్తం వ్యవస్థను 20 నుంచి 25 ఏళ్ల ఆయుష్షుకే రూపొందించారు. గడువు తీరిపోవడంతో, కొత్తది అమర్చేందుకు 2024 అక్టోబరులో హిటాచీతో 21.2 కోట్ల డాలర్ల ఒప్పందానికి ఆమోదం తెలిపారు.

దీన్నిబట్టి మన మెట్రోకూ అదే గతి పడుతుందనడం తొందరపాటు. ఇక్కడ వాడేది కేబుల్ కాదు, రేడియో. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది: యంత్రానికి వయసు మీరడమే ప్రమాదమా?

2017 మే 12న వాన్నాక్రై అనే మాల్‌వేర్ ప్రపంచం మీద పడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. తప్పంతా విండోస్ ఎక్స్‌పీదేనని అప్పట్లో చాలామంది తేల్చేశారు. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8నే ఎక్స్‌పీకి సాయం ఆపేసింది కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ కాస్పర్‌స్కీ సంస్థ లెక్క తీస్తే, సోకిన కంప్యూటర్లలో 98 శాతానికి పైగా విండోస్ 7 నడుస్తున్నవే. దానికి 2020 జనవరి దాకా సాయం ఉంది. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ కూడా దాడికి రెండు నెలల ముందే, మార్చిలో వచ్చింది. చాలామంది దాన్ని వేసుకోలేదు. అలాగని ఎక్స్‌పీ క్షేమమని కాదు. సాయం ఆగిన వ్యవస్థలతో నడుస్తున్న ఏటీఎంలన్నిటినీ 2019 జూన్‌కల్లా మార్చాలని రిజర్వు బ్యాంకు 2018లో గడువు పెట్టింది. అది సరైన పనే.

ఇంతకంటే తేటగా విషయం చెప్పేది రైల్వే రిజర్వేషన్. దేశమంతా వాడుకలోకి వచ్చిన కన్సర్ట్ సాఫ్ట్‌వేర్‌ను 1994 సెప్టెంబరులో మొట్టమొదట అమలు చేసింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై కేంద్రాలతో కలిసి ఒకే అల్లికగా మారింది. ఇప్పుడున్న వ్యవస్థను 2010లో ఏర్పాటు చేశామనీ, అది ఇటానియం చిప్ సర్వర్ల మీద ఓపెన్‌వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడుస్తోందనీ, మార్చక తప్పదనీ రైల్వే శాఖ 2025లో తెలిపింది. నిమిషానికి 32,000 టికెట్ల స్థాయి నుంచి 1.5 లక్షలకు పైగా పెంచడం లక్ష్యం.

ఆ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఓపెన్‌వీఎంఎస్ పుట్టింది 1977లో. ఇటానియం చిప్ బజారులోకి వచ్చింది 2001లో. పెద్దది ఇంకా బతికే ఉంది: దాన్ని చూసుకునే సంస్థ ఒకటి ఉంది, మామూలు సర్వర్ల మీద నడిచే రూపాన్ని 2022లో విడుదల చేసింది. ఇరవై నాలుగేళ్లు చిన్నదైన చిప్ సరఫరాను మాత్రం ఇంటెల్ 2021 జూలైలో ఆపేసింది. ముప్పును వయసుతో కొలిస్తే ఇక్కడ తలకిందుల జవాబు వస్తుంది.

మనుషుల విషయమూ అంతే. అమీర్‌పేటలాగే దిల్‌సుఖ్‌నగర్ కూడా కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ పేరుపడ్డ చోటు. 2000 సంవత్సరం తేదీల చిక్కు (వై2కె) రోజుల్లో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష, మెయిన్‌ఫ్రేమ్ కోర్సులు చేసి విమానం ఎక్కిన తెలుగు యువకులు పాత యంత్రాలకు కొత్త చేతులయ్యారు. అమెరికా హెచ్1బి వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1,15,000కు, తర్వాత 1,95,000కు పెంచిన కాలం అది. 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవాళ్లు కావాలని అడిగినప్పుడు, నిరుద్యోగ భృతి ఆగిపోవడానికి పాత భాషే కారణమన్న ప్రచారం జరిగింది. చరిత్రకారులు మార్ హిక్స్ ఆ తర్వాత దాన్ని సవాలు చేశారు. కూలింది వెనకున్న కోబాల్ కాదనీ, ముందున్న జావా వెబ్‌సైటనీ రాశారు. ఎవరు చూసుకుంటున్నారన్నదే లెక్క, ఏ ఏడాది రాశారన్నది కాదు.

ఇక పాత యంత్రాల మీద మమకారం. ఎల్బీనగర్ నుంచి ఉప్పల్ మీదుగా కుషాయిగూడ వెళ్తే ఈసీఐఎల్ వస్తుంది. 1967లో ఎ.ఎస్. రావు సారథ్యంలో మొదలైన ఈ సంస్థ 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను తెచ్చింది. అలాంటివాటిని దాచుకోవాలి, పిల్లలకు చూపించాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. నేను ఒప్పుకోలేనిది ‘ఆ రోజుల్లో చేసినవి గట్టివి’ అనే మాట. చెడిపోయినవి ఎప్పుడో తుక్కులో కలిశాయి. మిగిలినవాటినే చూసి మొత్తం తరానికి కితాబిస్తున్నాం. పైగా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్లాపీలు ఇన్నాళ్లు సాగింది వాటి మీద ప్రేమతో కాదు. మార్చాలంటే డబ్బు కావాలి, ఈలోగా రైళ్లు ఆగకూడదు. అందుకే వాయిదా పడుతూ వచ్చింది.

అక్కడి ఆయుష్షు లెక్కే ఇక్కడా పెట్టి చూస్తే, ఎల్బీనగర్ మార్గంలోని సిగ్నలింగ్‌ను మార్చే ఆలోచన 2038, 2043 మధ్య ముంచుకొస్తుంది. ఇది అంచనా మాత్రమే. మొదటి దశ మెట్రోను తన చేతికి తీసుకునేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో దాన్ని నిర్మించిన ఎల్ అండ్ టీతో సూత్రప్రాయంగా ఒక అంగీకారానికి వచ్చింది. మెట్రో అప్పుల లెక్కతోపాటు కంప్యూటర్ల లెక్క కూడా ప్రజల ముందు పెట్టాలి: ఏ వ్యవస్థకు తయారీదారు సాయం ఎప్పటిదాకా ఉంది, విడిభాగాలు ఎవరిస్తారు, మార్చడానికి ఏటా ఎంత పక్కన పెడుతున్నారు. అడగకుండానే సమాచారం బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతూనే ఉంది. భద్రతకు ఇబ్బంది కలిగే సాంకేతిక వివరాలు పక్కన పెట్టండి, గడువు తేదీలైనా ప్రకటించండి.