నిప్పుకొండ మీద సైకిలు బాట

పటాన్‌చెరువు నుండి సంగారెడ్డి మీదుగా జహీరాబాదుకు సైకిలు మీద పోయే బాటసారికి నేల రంగు మారడం స్పష్టంగా కనిపిస్తుంది. మొదట ఎర్రనేల, దాని నడుమ ఏనుగులు పడుకొన్నట్లుండే గ్రానైటు బండలు. పడమరకు పోయినకొద్దీ నల్లరేగడి. జహీరాబాదు చేరేసరికి మరల ఎరుపు. అయితే ఆ ఎరుపు పై పొర మాత్రమే, దాని అడుగున ఉన్నది నల్లరాయి. ఎర్రనేల మీద వాన వెలిసిన గంటకు సైకిలు సాగిపోతుంది. రేగడి డొంకలో మాత్రం చక్రానికీ మడ్గార్డుకూ మధ్య మన్ను బిగిసి బండి కదలదు; దిగి, పుల్లతో గీకి, భుజాన వేసుకొని నడవవలసిందే.

ఆ నల్లరాయి, ఆ నల్లమన్ను అగ్నిపర్వతాల సంతానం. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట భూమి బీటలువారి, కరిగిన రాయి వరదవలె పొంగి, పొరమీద పొరగా దక్కను పీఠభూమిని కప్పివేసినది. నేటికిని మిగిలిన ఆ రాతి విస్తీర్ణం సుమారు ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు. దాని తూర్పు అంచులలో ఒకటి మన సంగారెడ్డి సీమ. 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ పటాన్‌చెరువులో వెలసినది. ఎర్రనేల, నల్లరేగడి రెండును ఒకే ఆవరణలో లభించడం ఆ క్షేత్రానికి గల ప్రత్యేకత.

శ్రోతలకు ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చును. అంతటి అగ్ని ఇప్పుడేమైనది? అది ఆరిపోలేదని భూగర్భ శాస్త్రజ్ఞులలో అధికులు చెప్పుతున్నారు. పొయ్యి ఉన్నచోటనే ఉన్నది. పొయ్యి మీది పెనం, అనగా మన భారతభూమి, ఉత్తరంగా జరిగిపోయినది. జరిగిన దారి పొడుగునా లక్షదీవులు, మాల్దీవులు, మారిషస్ మొదలైన గుర్తులు వరుసగా మిగిలినవి. ఆ పొయ్యి నేడు మండుతున్న చోటు మనకు సుమారు ఐదువేల కిలోమీటర్ల దూరాన, మడగాస్కరుకు తూర్పున, హిందూ మహాసముద్ర మధ్యంలో ఉన్నది. అది రెయూనియన్ ద్వీపం. 1946 నుండి ఫ్రాన్సు దేశానికి ఒక జిల్లా వంటిది.

విస్తీర్ణంలో రెయూనియన్ చిన్నదే. దాదాపు 2,500 చదరపు కిలోమీటర్లు. ఎత్తు చూస్తే దిగ్భ్రమ కలుగుతుంది. చల్లారిపోయిన పిటన్ దె నేజ్ శిఖరం 3,070 మీటర్లు. దాని ఆగ్నేయాన ఇప్పటికిని నిప్పు కక్కే పిటన్ ద లా ఫూర్నేజ్ 2,632 మీటర్లు. 'ఫూర్నేజ్' అనగా కొలిమి. పెద్ద శిఖరం చుట్టును సిలావోస్, సలాజీ, మఫాత్ అనే మూడు మహాగర్తాలు, నిలువు గోడలతో, కోటలవలె ఉన్నవి. మఫాతుకు నేటికిని రోడ్డు లేదు. కాలినడకన పోవలెను, లేదా హెలికాప్టరులో దిగవలెను.

ఈ దీవికిని తెలుగువారికిని గల సంబంధం భూగర్భంతో ముగిసేది కాదు. చెరకుతోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చినప్పుడు, 1828లో, అనగా బానిసత్వం ఇంకను రద్దుకాక పూర్వమే, మొట్టమొదట ఒప్పందం మీద తెచ్చిన భారతీయులు గోదావరి ముఖద్వారంలోని ఫ్రెంచి యానాం నుండి ఎక్కిన తెలుగువారు. ఫ్రెంచి దస్తావేజులలో వారిని 'తెలింగ'లని వ్రాసినారు. ఆ తొలి ప్రయత్నం చిరకాలం సాగలేదు. 1848 డిసెంబరు 20న దీవిలో బానిసలకు విముక్తి ప్రకటించిన పిమ్మట కూలీల వలస మరల పుంజుకొన్నది. 1860లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల మధ్య ఒడంబడిక కుదిరి, బ్రిటిషు ఇండియా నుండి కూడ మనుష్యులను తీసుకొనిపోవడానికి దారి ఏర్పడినది. కూలీల యాతనలను గూర్చి ఫిర్యాదులు పెరిగినందున 1882లో ఆ వలసను ఆపివేసినారు. అప్పటికి లక్షకు పైబడి భారతీయులు ఆ ఒడ్డున దిగినారు. వారిలో తమిళులు అధికులు, తెలుగువారు కొందరు.

పొరుగుననున్న మారిషస్‌లో తెలుగువారు తమ భాషను నిలుపుకొన్నారు. కోరంగి రేవు నుండి వచ్చిన వారగుటచే అక్కడ వారికి 'కోరంగీలు' అనే పేరు వచ్చినది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభ జరిగినది ఆ దీవిలోనే. రెయూనియన్‌లో అట్లు కాలేదు. అక్కడ దక్షిణ భారతీయులందరికీ 'మలబారు'లని ఒకే పేరు పెట్టినారు. తెలుగు మాట తరాల వెంట కరగిపోయినది. మిగిలినది గుడి, అగ్నిగుండం త్రొక్కే మ్రొక్కు, ఫ్రెంచి గుమాస్తాలు తమకు వినిపించినట్లు వ్రాసికొన్న కొన్ని పేర్లు, వాటి పక్కన ఒక్కొక్క కూలీకి ఒక్కొక్క అంకె. తాతల ఊరు తెలిసికొనగోరే మనుమలు నేడు ఆ అంకెలనే పట్టుకొని వెదకుతున్నారు.

ఇక సైకిలు సంగతి. ఇంగ్లండులో 1885లో స్టార్లీ నిర్మించిన 'రోవరు' నేటి సైకిలుకు మూలరూపం. 1888లో డన్‌లప్ సైకిలుకు గాలి టైరును తెచ్చినాడు. అయినను కొండ ఎక్కడానికి ఇవి చాలలేదు. ఎత్తుకు ఒక పన్ను చక్రం, చదునుకు మరొకటి ఉండవలెనని ఫ్రాన్సులో పాల్ ద వివీ అనే సైకిలు యాత్రాభిమాని పట్టుపట్టి ప్రచారం చేసినాడు. ప్రసిద్ధమైన ఫ్రాన్సు సైకిలు పందెం 1910లోనే పిరనీసు పర్వతాలకు ఎక్కినది. గేర్లు మార్చే సాధనాన్ని మాత్రం అందులో 1937 వరకు అనుమతించలేదు. అట్టి గేర్ల సైకిళ్ల మీదనే నేడు దేశదేశాల యాత్రికులు రెయూనియన్ కొండలను ఎక్కుతున్నారు.

ఆ దారులలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది సిలావోస్ దారి. పూర్వం ఆ గర్తంలోని వేడినీటి బుగ్గలలో స్నానానికి పోయే శ్రీమంతులను బోయీలు డోలీలలో మోసేవారు. 1932లో రోడ్డు తెరచినారు. సముద్రతీరాననున్న సేం లూయీ నుండి 1,200 మీటర్ల ఎత్తుకు, సుమారు 37 కిలోమీటర్లు. మలుపులు నాలుగువందలకు పైబడి ఉన్నవని ద్వీపవాసుల మాట. ఒక్క బండి మాత్రమే పట్టే సొరంగాలున్నవి. వానపడితే పైనుండి రాళ్లు దొర్లుతవి.

రెండవది దీవిని అడ్డంగా దాటే మైదానాల దారి. తూర్పున సేం బెన్వా నుండి నైరుతి దిక్కున సేం పియేర్ వరకు, నడుమ సుమారు 1,600 మీటర్ల కనుమ. తూర్పు వాలున వర్షం, పైన మంచు తెర, పడమటి వాలున ఎండ. ఒకే పూటలో మూడు ఋతువులను అనుభవించవచ్చును. ఆగ్నేయపు గాలి మోసుకొనివచ్చే మేఘాలు తూర్పున కురిసి, పడమటికి ఉత్తచేతులతో పోతవి. 1966 జనవరి తుపానులో ఈ దీవిలోని ఫోక్ ఫోక్ అనే చోట ఒక్క దినంలో 1,825 మిల్లీమీటర్ల వర్షం పడినది. ప్రపంచంలో అంతకు మించిన ఒక్కనాటి వాన నమోదు కాలేదు. మన సంగారెడ్డికి రెండేండ్లలో కురిసే వాన అది! కనుకనే సైకిలు యాత్రికులు జనవరి మొదలు మార్చి వరకు గల తుపాను మాసాలను విడిచి, మే నుండి నవంబరు వరకు బయలుదేరుతారు.

మూడవది మైదో దారి. పడమటి తీరం నుండి పాతిక, ముప్పై కిలోమీటర్లలోనే 2,200 మీటర్ల ఎత్తు. 1944లో తెరచిన తిరుమల ఘాటురోడ్డు మన శ్రోతలలో చాలమందికి పరిచితమే కదా. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు. అట్టి కొండలు రెండున్నర ఒకదానిపై ఒకటి పేర్చి, ఊపిరి తీసికొనే చదును లేకుండ ఎక్కినట్లు ఊహించుకొనవలెను. దిగడం అంతకంటె సులభమని భ్రమపడరాదు. ఎడతెగక నొక్కిన బ్రేకులు చక్రపు అంచులను కాల్చుతవి. ఆగి ఆగి, చల్లార్చుకొంటూ దిగడమే పద్ధతి.

నాలుగవది అగ్నిపర్వతపు దారి. ముందుగా పచ్చిక బయళ్లు, ఆవులు. ఆపైన చెట్టు లేని ఇసుక మైదానం. 2,311 మీటర్ల ఎత్తున బెల్కోంబు అంచు. అక్కడ రోడ్డు ఆగిపోతుంది. క్రింద గడ్డకట్టిన నల్లని లావా సముద్రం. పచ్చని బయలు నుండి ఆ నల్లని నేలకు చేరిన తెలుగు యాత్రికునికి అది పరాయి భూమి అనిపించకపోవచ్చును. మన రేగడికి తల్లి ఆ రాయి.

వీటన్నిటికంటె విచిత్రమైన దారి తూర్పు తీరాన సేంత్ రోజు నుండి సేం ఫిలిప్ వరకు గలది. లావా సముద్రానికి దిగే త్రోవను అది అడ్డుకొని పోతుంది. 1977 ఏప్రిలులో లావా పిటన్ సేంత్ రోజు గ్రామంలో ఇండ్లను కబళించి, చర్చి వాకిటిని తాకి, అక్కడనే గడ్డకట్టినది. 2007 ఏప్రిలులో వచ్చిన ఉప్పెన రోడ్డును అనేక మీటర్ల మందాన పూడ్చివేసినది. శిఖరం మీది గర్తం మూడువందల మీటర్లకు పైగా కుంగినది. కొన్ని నెలల తరువాత, ఇంకను వేడి చల్లారని రాతి మీదనే, ఇంజనీర్లు కొత్త రోడ్డు వేసినారు. ఆ పిమ్మట చాలకాలం చినుకు పడినప్పుడెల్ల ఆవిరి లేచేది. ప్రవాహాలు ఏయే సంవత్సరాలలో వచ్చినవో తెలిపే పలకలు ఆ దారి పక్కన నిలిపినారు.

చరిత్ర దృష్టితో చూచినప్పుడు ఒక విషయం మనస్సును తాకుతుంది. లావా వచ్చిన ఏటికి పలక ఉన్నది. అదే తీరపు చెరకు చేలలో ఐదేండ్ల ఒప్పందం మీద వంగిన వీపులకు గుర్తు చాలకాలం అంకె ఒక్కటే. నేటి యాత్రికుడు కోరి కొండ ఎక్కుతాడు, అలసిన నాడు ఆగుతాడు. ఆనాటి కూలీకి ఆగే స్వేచ్ఛ లేదు. అనుమతి చీటీ లేక తోట దాటితే అపరాధి.

ఈ భేదం మన సీమకు కొత్తది కాదు. 1960ల తరువాత రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం, ఆపై పటాన్‌చెరువు పారిశ్రామికవాడ వెలసినప్పుడు, షిఫ్టు వేళకు బొంబాయి రోడ్డు మీద సైకిళ్లు బారులు తీరేవి. హ్యాండిలుకు టిఫిను క్యారేజి తగిలించి, ఎదురుగాలిలో, లారీల దుమ్ములో, పల్లెల నుండి వచ్చిన ఆ కార్మికులను ఎవరును సాహసయాత్రికులని అనలేదు. వారు త్రొక్కిన దూరాలను ఎవరును లెక్క వ్రాయలేదు. ఆ బారుల స్థానంలో నేడు మోటారు సైకిళ్లు, కంపెనీ బస్సులు నడుస్తున్నవి. ఆనాడు త్రొక్కినవారిలో పలువురు ఇంకను మన నడుమ ఉన్నారు. ఏ ఊరి నుండి, ఏ డొంక వెంట, ఎన్ని మైళ్లు వచ్చేవారో వారిని అడిగి, వారి పేర్లతో సహా వ్రాసిపెట్టుకొనడానికి ఇది తగిన సమయం. రెయూనియన్ మనుమలు అంకెలలో వెదకుతున్నది అట్టి వ్రాతనే.