యుద్ధాలు, ఒప్పందాలు – 4: సింధు నీళ్ల పంపకం

దేశాలెందుకు కొట్టుకుంటాయని క్లాసులో అడిగితే మా డిగ్రీ పిల్లలు మతం, కశ్మీర్ అని ఠక్కున చెప్తారు. నేను తూము సంగతి చెప్తాను. ఎగువన తూము మూస్తే దిగువ చేను ఎండుతుంది. కాలువ చివరి భూముల్లో కూలి చేసిన మన ఇళ్లలో ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

1947 జులైలో మొదటిసారి ఇండియాలో అడుగుపెట్టిన రాడ్‌క్లిఫ్, ఐదు వారాల్లో పంజాబ్‌ని గీత గీసి చీల్చాడు. మాధోపూర్, ఫిరోజ్‌పూర్ హెడ్‌వర్క్స్ ఇటు మిగిలాయి. ఆ నీళ్లతో పండే పొలాలు చాలావరకు అటు పోయాయి. నీళ్లు ఎప్పటిలాగే వదలాలన్న తాత్కాలిక ఒప్పందం 1948 మార్చి 31తో ముగిసింది. మర్నాడే తూర్పు పంజాబ్ ప్రభుత్వం నీళ్లు ఆపేసింది. మే 4న ఢిల్లీలో రాజీ కుదిరింది గానీ, ఆ నెల రోజుల భయం పాకిస్తాన్‌ని వదల్లేదు.

1951లో లిలియంతాల్ అనే అమెరికన్ వచ్చి చూసి, మొత్తం నదీ వ్యవస్థని ఇద్దరూ కలిసి నడుపుకోమన్నాడు. వినడానికి బాగుంది, జరగలేదు. ప్రపంచ బ్యాంకు పెద్దమనిషిగా కూర్చుంటే ఏళ్ల తరబడి బేరం సాగింది. చివరికి అన్నదమ్ములు వేరుపడ్డట్టే పంచారు: రావి, బియాస్, సట్లెజ్ మనకి, సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా వాళ్లకి. అటు కొత్త కాలువలు తవ్వుకోడానికి భారత్ 6 కోట్ల 20 లక్షల పౌండ్లు పది వాయిదాల్లో కట్టాలి. 1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు పెట్టారు.

ఆ తర్వాత 1965, 1971, కార్గిల్. మూడు యుద్ధాల్లోనూ ఒప్పందం నిలబడింది. ముందు మనసులు కలవాలి, ఆ తర్వాతే శాంతి అనేవాళ్లు ఇది చూడాలి. మనసులేమీ కలవలేదు. లెక్కలు కుదిరాయి, తగాదా వస్తే ఎక్కడికి వెళ్లాలో రాసిపెట్టుకున్నారు. చీనాబ్‌పై బగ్లిహార్ డ్యామ్ గొడవని 2007లో తేల్చింది ఒక తటస్థ ఇంజనీరు.

అయితే ఆ బల్ల దగ్గర ఎవరు లేరో కూడా చూడాలి. 1900 నాటి పంజాబ్ భూ బదలాయింపు చట్టం 'వ్యవసాయ కులాల' జాబితా ఒకటి పెట్టింది. వాళ్ల భూమిని జాబితాలో లేనివాళ్లు కొనకూడదు. దళితులు ఆ జాబితాలో లేరు. మంగూరామ్ ఆద్ ధర్మ్ ఉద్యమం కొట్లాడింది దీని మీద కూడా. కాబట్టి 1960లో నదులు రెండు రాజ్యాల మధ్య పంపకమైనా, ఆ కాలువల కింద చెమటోడ్చిన చాలామంది కూలీలకి సెంటు భూమి లేదు. ఒప్పందం మంచిదే, ఆ లోటూ నిజమే.

2025 ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని చంపిన మర్నాడే భారత్ ఈ ఒప్పందాన్ని పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. హంతకులకి శిక్ష పడాల్సిందే. కానీ నీళ్లాగితే ముందు ఎండేది జనరల్ గారి తోట కాదు, కాలువ చివర కౌలుకి దున్నేవాడి మడి.

వచ్చే భాగంలో ఛిట్‌మహల్స్: 2015 దాకా ఏ దేశానికీ పట్టని, భారత్-బంగ్లాదేశ్ సరిహద్దు ఊళ్లు.