రెడ్డి అంటే ఊరికి కాపు

ఎక్కడైనా జాబితా మరీ పొడుగైతే తెలుగువాళ్ళు ‘కొండవీటి చాంతాడంత ఉంది’ అంటారు. ఆ చాంతాడు మా సీమదే. ఇక్కడ బావుల్లో నీళ్ళు ఎంతో లోతున ఉండేవి, చేద అందుకోవాలంటే బారల కొద్దీ తాడు కావాల్సి వచ్చేది. రాజ్యం పోయి ఆరు వందల ఏళ్ళయినా సామెత మాత్రం పోలేదు. మా సీమ చరిత్ర నాకు ఆ తాడు దగ్గరే మొదలవుతుంది. నీళ్ళు అందని నేల మీద ఊళ్ళు ఎవరు కట్టారు, ఆ ఊళ్ళకు నీళ్ళు ఎవరు తెచ్చారు అని అడుక్కుంటూ పోతే, రెడ్లు ఎవరన్న ప్రశ్నకూ అక్కడే జవాబు దొరికింది.

మాది ఫిరంగిపురం, గుంటూరు నుంచి నరసరావుపేట పోయే దారిలో ఉంటుంది. ఊరికి దక్షిణాన కొండవీటి కొండలు. మబ్బు ఆ కొండల మీద కూర్చుంటే మా తాత మిరపనారుకు ఆ పూట నీళ్ళు పెట్టేవాడు కాదు. కొండ మీద రెడ్డిరాజుల కోట ఉందని, బురుజులు, చెరువులు ఉన్నాయని మాకు బడికి పోకముందే తెలుసు. రాజులకూ మా తాతలాంటి రైతుకూ ఒకటే పేరు ఎందుకుందో మాత్రం చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

రెడ్డి అన్నది పుట్టుకతో కులం పేరు కాదు. పాత శాసనాల్లో ‘రట్టగుడి’, ‘రట్టడి’ అన్న మాటలు కనిపిస్తాయి. ఊరి పెద్ద, పొలాల శిస్తుకు పూచీపడేవాడు, తగువు తీర్చేవాడు, దొంగలు పడితే ముందు కర్ర పట్టేవాడు అని దాని అర్థం. ఆ మాటే నలిగి నలిగి రెడ్డి అయింది. దాని పక్కనే ఉన్న మరో పాత మాట కాపు. కోస్తాలో ఇప్పుడది వేరే కులానికి పేరు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ రెడ్లను ఇప్పటికీ కాపులనే పిలిచే ఊళ్ళున్నాయి. చేనుకు కాపు, ఊరికి కాపు, చెట్టుకు కాపు. పండటమూ కాయటమూ ఒకే మాటలో ఇమిడిన భాష మనది. నాగలి ఒకరిది, కత్తి ఒకరిది అన్న విభజన ఆ మాటలో లేదు. పంట పండించినవాడే దాన్ని కాచుకున్నాడు, బాగా కాచినవాడు నాయకుడయ్యాడు.

కాకతీయుల కాలం శాసనాలను వరసగా చదివిన చరిత్రకారులు ఇంకో సంగతి చూపించారు. అప్పట్లో రెడ్డి, నాయకుడు, బోయ, సెట్టి అన్నవి చాలావరకు హోదాలు. తండ్రి పేరు చివర రెడ్డి ఉంటే కొడుకు పేరు చివర నాయకుడు ఉన్న కుటుంబాలు కనిపిస్తాయి. ఓరుగల్లు సైన్యంలో చేరిన మెట్టసీమ రైతుబిడ్డకు కొలువే పేరు ఇచ్చింది. ఇప్పుడు మనం గీసుకున్న గీతలు ఆ రోజుల్లో ఇంత గట్టిగా లేవు. మోటాటి, పాకనాటి, పెడకంటి, పంట అని రెడ్లలో చెప్పుకునే శాఖల్లోనూ కొన్ని పేర్లు నాడుల పేర్లే. పాకనాటివారంటే పాకనాడు నుంచి వచ్చినవారు. అంటే ఆ పేర్లు ముందు ఏ నేల నుంచి వచ్చారో చెప్పాయి.

1323లో ఓరుగల్లు కూలింది. ప్రతాపరుద్రుడు ఢిల్లీ సైన్యానికి పట్టుబడ్డాడు. దేశం దిక్కులేనిదైనప్పుడు ముసునూరి ప్రోలయ నాయకుడు, ఆయన తరువాత కాపయ నాయకుడు తెలుగు నాయకులను కూడగట్టారు. కాపయను 75 మంది నాయకులు కొలిచారని 1423 నాటి కలువచేరు శాసనం చెబుతుంది. దాన్ని వేయించిన అనితల్లి రెడ్డి ఇంటి ఆడపడుచు. ఓరుగల్లు కూలిన ఆ కాలంలోనే ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో నిలదొక్కుకుని రాజ్యం కట్టాడు. ఊళ్ళు పాడుపడి అగ్రహారాలు పోయిన చోట వాటిని తిరిగి ఇచ్చాడు. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. ఎఱ్ఱన ‘హరివంశం’ అంకితం పుచ్చుకున్నది ఆయనే.

ఈ రాజుల వంశవర్ణనల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఒకటుంది. పంట కులంలో పుట్టామని, నాలుగో వర్ణం వాళ్ళమని శాసనాల్లో చెప్పుకున్నారు. విష్ణువు పాదాల నుంచి పుట్టిన వర్ణం తమదని, గంగ పుట్టింది కూడా ఆ పాదాల నుంచేనని రాయించుకున్నారు. రాజ్యం చేతిలో ఉంది, ఎదురుగా సంస్కృత పండితులున్నారు. సూర్యుడికో చంద్రుడికో ముడిపెట్టి వంశావళి రాయించుకోవటం ఎంతసేపు? దుక్కి దున్నే కులమని రాతి మీద చెక్కించుకున్న ఆ నిబ్బరం చూస్తే, ఇప్పుడు వంశాలకు మెరుగులు దిద్దుకునేవాళ్ళకు ఆ రాళ్ళు చూపించాలనిపిస్తుంది.

ప్రోలయ వేముని కొడుకు అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి మా కొండకు మార్చాడు. 1358లో మోటుపల్లి రేవులో ఆయన వేయించిన శాసనం సంస్కృతం, తెలుగు, తమిళం మూడు భాషల్లో ఉంది. సముద్రం మీద వచ్చే వర్తకులకు నిలవటానికి చోటు, సరుకు తమకిష్టమైనవారికి అమ్ముకునే స్వేచ్ఛ అందులో ఉన్నాయి. పిల్లలు లేకుండా పోయిన వర్తకుడి సొత్తును రాజు తీసుకోడన్న అభయమూ ఉంది. ఇక్కడి పంట బయటికి పోవాలన్నా, బయటి సరుకు ఇక్కడికి రావాలన్నా రేవు కావాలని పొలం నుంచి వచ్చిన ఆ రాజుకు తెలుసు. తరువాత ఏలిన కుమారగిరి వసంతోత్సవాలకు కర్పూరమూ సుగంధాలూ తెచ్చిచ్చిన అవచి తిప్పయ్య సెట్టి కూడా ఆ సముద్ర వ్యాపారం నుంచి ఎదిగినవాడే. శ్రీనాథుడు ‘హరవిలాసం’ ఆయనకే అంకితమిచ్చాడు.

ఇక మా ఊరి రాతి దగ్గరికి వస్తాను. పెదకోమటి వేమారెడ్డి 1402 నుంచి 1420 దాకా ఏలాడు. స్వయంగా సంస్కృత గ్రంథాలు రాసినవాడు, శ్రీనాథుణ్ణి విద్యాధికారిగా పెట్టుకున్నవాడు. ఆయన రాణి సూరాంబిక ఇక్కడ తవ్వించిన చెరువు పేరు సంతాన సాగరం. 1409 నాటి ఫిరంగిపురం శాసనం ఆ చెరువు గురించినదే. దాన్ని కూర్చినది శ్రీనాథుడు, చివర విద్యాధికారినని చెప్పుకున్నాడు. పక్కనే అమీనాబాద్‌లో 1415 నాటి మరో శాసనం ఉంది. సంతాన సాగరానికి నీళ్ళు చేరేటట్టు యువరాజు రాచవేముడు కాలువ తవ్వించాడని అందులో ఉంది. ఆ కాలువ పేరు జగనొబ్బగండ కాలువ. జగనొబ్బగండ అన్నది రెడ్డిరాజుల బిరుదు. యుద్ధం తెచ్చిన బిరుదును తీసుకెళ్ళి కాలువకు పెట్టారు.

ఇలాంటి రాళ్ళు చూడటానికి మిట్టమధ్యాహ్నం పోకూడదు. ఎండ నెత్తిన ఉంటే రాయి నున్నగా, అక్షరమే లేనట్టు కనిపిస్తుంది. పొద్దు వాలి, ఎండ పక్కవాటుగా పడుతున్నప్పుడు తడిగుడ్డతో దుమ్ము తుడిచి చూడాలి. గీతల్లో నీడ చేరి, ముందు ఒక తలకట్టు, తరువాత ఒక సున్న, ఆ తరువాత ఒక గుడి పైకి తేలుతాయి. వేలు పెడితే ఉలి ఎక్కడ లోతుగా దిగిందో, ఎక్కడ తేలిపోయిందో తెలుస్తుంది. చెక్కినవాడి పేరు తెలియదు, అతని చేతి బలం తెలుస్తుంది. చెరువు తవ్విన కూలీల పేర్లు కూడా ఇలాగే రాయికి ఎక్కలేదు. రాణి తవ్వించిందని రాశారు. తట్ట మోసినవాళ్ళు, కట్ట మీద మట్టి పోసి దిమ్మిస చేసినవాళ్ళు, తూము దగ్గర రాత్రిళ్ళు కావలి పడుకున్న నీరుగంట్లు ఎందరో. ఊరి చరిత్ర రాసేటప్పుడు వాళ్ళను పక్కన పెట్టి రాజుల మాట చెప్పటం నాకు చేతకాదు. కాపు అన్న మాటలో వాళ్ళందరి చెమటా ఉంది.

కాలువ తవ్వించిన ఆ రాచవేముడే 1420లో రాజయ్యాడు. నాలుగేళ్ళు ఏలాడు. ఆ నాలుగేళ్ళ గురించి కొండవీటి దండకవిలె అనే స్థానిక చరిత్ర చెప్పే కథను ఈ సీమలో ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. బిడ్డ పుడితే ఇంటివాళ్ళు పన్ను కట్టాలని ఆయన పురిటిసుంకం పెట్టాడట. సవరం ఎల్లయ్య అనేవాడు కట్టనన్నాడు, రాజును పొడిచి చంపాడు. రాజ్యం అంతటితో విజయనగరం చేతికి పోయింది. ఆ కథ ఎప్పుడు విన్నా నాకు చెరువు పేరే గుర్తొస్తుంది. సంతాన సాగరానికి నీళ్ళు తెచ్చినవాడే సంతానం మీద సుంకం వేశాడని జనం చెప్పుకున్నారు. జనం కాలువనూ గుర్తు పెట్టుకున్నారు, సుంకాన్నీ గుర్తు పెట్టుకున్నారు. ఊరిని కాయాల్సినవాడు ఊరి మీద పడితే ఏ బిరుదూ అతన్ని కాపాడదని ఈ సీమ నేర్చుకున్న పాఠం అది.

ఆ తరువాత కొండవీడు గజపతులది అయింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచాడు. ఆ శతాబ్దం చివరికి గోల్కొండ ఏలుబడిలోకి పోయింది. శ్రీనాథుడి చివరి రోజుల కథా ఇదే తీరు. కొలువులు పోయి ముసలితనంలో బొడ్డుపల్లిలో భూమి గుత్తకు తీసుకున్నాడని, కృష్ణ పొంగి పంట కొట్టుకుపోయిందని, బాకీ కట్టలేక శిక్ష అనుభవించాడని చాటువులు చెబుతాయి. రెడ్డిరాజుల విద్యాధికారి కౌలురైతుగా కన్నుమూశాడని ఆ కథ. వరదకు పంట పోయి, గుత్త మాత్రం మిగిలిన రైతు మా ఊళ్ళో ప్రతి తరంలోనూ ఉన్నాడు. అందుకే ఆ కథ మాకు పుస్తకంలోదిగా అనిపించదు.

కోట పోయినా రెడ్డి అన్న పని పోలేదు. రాజులు మారారు, దొరలు వచ్చారు, ఊరి పెద్దరికం మాత్రం మునసబు అన్న పేరుతో సాగింది. శిస్తు వసూలు, పంటల అంచనా, చిన్న తగువులు అతని చేతిలో ఉండేవి. కొందరు కడుపులో పెట్టుకున్నారు, కొందరు ఊరిని పీడించారు. 1984లో ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. రట్టగుడి నుంచి సాగిన దారి ఆ ఏడు ఆగింది. పని పోయింది, పేరు మిగిలింది. ఆ పేరు ఇప్పుడు పెళ్ళిపత్రికల్లో ఉంది, ఓట్ల లెక్కల్లో ఉంది, అమెరికాలో తలుపుల మీదా ఉంది. మా ఊళ్ళో బాలయేసు గుడికి పోయే రెడ్లున్నారు, కొండ కింద గోపీనాథస్వామికి మొక్కే రెడ్లున్నారు. దేవుళ్ళు వేరైనా పేరు ఒకటే, మిరపచేలో వంగిన నడుమూ ఒకటే.

1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలాక మా సీమలో చాంతాళ్ళ అవసరం తగ్గింది. దాంతో చెరువుల మీద శ్రద్ధ కూడా తగ్గింది. కట్టల మీద తుమ్మచెట్లు లేచాయి, అలుగులు పూడాయి. రెడ్డి అన్నందుకు గర్వపడే పిల్లలు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. కోట మీదికి పోయి ఫొటోలు దిగుతారు, నాకది సంతోషమే. దిగి వచ్చేటప్పుడు వాళ్ళను అమీనాబాద్ రాయి దగ్గరికి, అక్కడి నుంచి ఊరి చెరువు కట్ట మీదికి తీసుకుపోతుంటాను. కిందటి వేసవిలో అలా వచ్చిన నలుగురు, పక్క వీధి వడ్డెర కుర్రాళ్ళతో కలిసి రెండు ఆదివారాలు పూడిపోయిన తూము మట్టి తీశారు. వానలు పడ్డాక ఆ తూము వదిలితే కింది మళ్ళలోకి నీళ్ళు పారాయి. ఆ పొలాలు ఎవరివని వాళ్ళు అడగలేదు.