కార్నివాల్ ఆఫ్ సోల్స్ అను చలనచిత్రము

అమెరికా దేశమున కాన్సాస్ రాష్ట్రములోని లారెన్స్ పట్టణమందు సెంట్రన్ అను సంస్థ యుండెడిది. బాలబాలికలకు నడవడి నేర్పుటకును, కర్మాగారములలో జాగ్రత్తలు తెలుపుటకును పనికివచ్చు చిన్న చిత్రములను దీయుట దాని వృత్తి. హెర్క్ హార్వే యందు దర్శకుడు. ఇట్టి హితబోధకుడు దయ్యముల కథ నేల తలపెట్టెనని చదువరు లడుగవచ్చును. కారణ మొక పాడుపడిన భవనము.

యూటా రాష్ట్రమున గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పుసరస్సు నొడ్డున 1893లో సాల్టేర్ అను విహారమందిరమును గట్టిరి. అది 1925లో తగులబడగా మరల నిర్మించిరి. క్రమముగా సరస్సు వెనుకకు దొలగెను, జనమును రాకమానిరి. కాలిఫోర్నియానుండి కారులో మరలివచ్చుచు హార్వే యా శూన్యమందిరమును జూచి, మృతు లందు నాట్యమాడుట నూహించుకొనెను. సహోద్యోగి జాన్ క్లిఫర్డ్ కథ వ్రాసెను. హార్వే సెలవు పెట్టి, సుమారు 33,000 డాలర్ల వ్యయముతో, మూడువారములలో చిత్రమును దీసెను. అది 1962లో వెలువడెను.

మేరీ హెన్రీ యను యువతి యెక్కిన కారు వంతెనమీదినుండి నదిలో బడును. తోడివారు కనబడరు, ఈమె మాత్రము గంటలు గడచినపిమ్మట బురదతో బయటకు వచ్చును. పిదప చర్చిలో ఆర్గన్ వాయించు కొలువున జేరును. పాలిపోయిన ముఖముగల పురుషు డొకడు వెంటాడుచుండును.

ఆమెకు చర్చి పనిచేయు తావు మాత్రమే. పురుషుల సాంగత్య మక్కరలేదు. మతగురువు, పొరుగింటివాడు, వైద్యుడు — ముగ్గురును దానినే దోషముగ నెంచుదురు. ఆమె వ్రేళ్లు వింతరాగము పలికించిన దినముననే గురువు కొలువు మానుకొమ్మనును. దుస్తుల యంగడిలో నకస్మాత్తుగ శబ్దమంతయు నాగిపోవును. ఆమె యెంత పలికినను వినువారు లేరు, చూచువారు లేరు. మమ్ము భయపెట్టినది దయ్యములు గావు, ఈ యంగడియే. హార్వే స్త్రీల పక్షమున వాదింప దలచెనని మేము చెప్పజాలము. అయినను తనపొట్ట తాను పోసికొను నొంటరి స్త్రీని జూచి లోకము మొగము ద్రిప్పుకొను రీతి యిందు తేటపడినంతగా బెక్కు సాంఘికచిత్రములలో దేటపడలేదు.

చిత్రమువలన దీసినవారికి మిగిలినది స్వల్పము. హక్కుల ప్రకటన తెరపై లేకపోవుటచే నది యెల్లర సొత్తయ్యెను. దూరదర్శన ప్రసారములలో బ్రతికి, 1989లో మరల ప్రదర్శనశాలల కెక్కెను. సాల్టేర్ 1970లో రెండవమారు దగ్ధమయ్యెను. 1996లో మరణించువరకు హార్వే మరియొక పూర్తినిడివి కథాచిత్రమును దీయలేదు. మేరీని వెంటాడు నా తెల్లని ముఖమునకు వేషము గట్టినది యాతడే.