వేట లేని వేసవిలో కొల్లేరు

నూజివీడు తోటల్లో రసాలు, బంగినపల్లి కోతకొచ్చే వేసవిలోనే అదే ఏలూరు జిల్లాలో కొల్లేరు అడుగంటుతుంది. నూజివీడు మెట్టల మీద కురిసిన వాన రామిలేరులో దిగుతుంది. చింతలపూడి వైపు నీరు తమ్మిలేరులో, బెజవాడ పక్కది బుడమేరులో వచ్చి సరస్సును నింపుతాయి. మిగులు ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. వానలు వెనకబట్టి కొన్ని నెలలు గడిస్తే లంకల చుట్టూ నేల తేలుతుంది. కొల్లేటి మత్స్యకారులైన వడ్డీల బతుకంతా ఈ నీటి లెక్క మీదే నడిచింది.

వరద తీసే రోజులు వేటకు మంచి అదను. వెదురు బద్దలు చీల్చి అల్లిన మావులను నీరు పారే దారుల్లో పెట్టేవారు. మూతి దగ్గర బద్దలు లోపలికి వాలి ఉంటాయి. దూరిన చేప వెనక్కి రాలేదు. సందెవేళ పెట్టినవాటిని తెల్లారగట్ల తాటిదోనెలో వెళ్లి ఎత్తుకొచ్చేవారు. కొరమీను, ఇంగిలాయి పైకొచ్చి గాలి పీల్చుకునే చేపలు. కుండలో కాసిని నీళ్లుంటే చాలు, సంతదాకా ప్రాణంతోనే ఉంటాయి. బతికున్న చేపకే ధర.

నీరు తీశాక అదే అడుగున వరి వేసేవారు. వల విసిరిన చేతులే నారు నాటేవి. బాతులు మేపడం, కిక్కిస కోసి ఇళ్లు కప్పడం కూడా ఆ నెలల పనులే. అకాల వరదొస్తే మాత్రం పంటంతా నీళ్లపాలు.

ఆ నష్టాలకు విరుగుడుగా 1976 ప్రాంతంలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా, మత్స్యకార సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. బొచ్చె, శీలావతి ఏడాది పొడవునా పెరిగాయి. కైకలూరు, ఆకివీడు నుంచి ఐసు లారీలు బెంగాల్‌దాకా వెళ్లాయి. అయితే లాభం కనబడగానే పెట్టుబడిదారులు దిగారు. చెరువులు లీజుల్లోకి పోయాయి. సొంత సరస్సులో వడ్డీలు మేత చల్లే కూలీలు, కాపలాదారులు, పట్టుబడికి వల లాగేవాళ్లు అయ్యారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మలుపు ఇదే.

1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువుల గట్లు పేల్చేశారు. సరస్సుకు అది అవసరమే. కానీ గట్టుతోపాటు కూలీ పోయింది, అడుగున వరి వేసుకునే రోజులు అప్పటికే పోయాయి. ఎంతోమంది ఊళ్లు విడిచి వలస వెళ్లారు.

సముద్రం మీద వేటాడేవారికి మాత్రం వేట లేని రోజుల్లో ఆసరా ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి ప్రభుత్వమిచ్చే భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. చేపలు గుడ్లు పెట్టే వేళ పడవలు ఆపినందుకు ఇచ్చే సాయం అది, ఇవ్వాల్సిందే. అభయారణ్యం కోసం చెరువులు వదులుకున్న లంక గ్రామాల కుటుంబాలకూ ఎండు నెలల్లో అలాంటి భృతే కావాలి. సరస్సును కాపాడే పనుల్లో, అంటే గుర్రపుడెక్క తీయడం, కాలువల పూడిక తీయడం వంటి వాటిలో, మొదటి కూలీ వాళ్లకే దక్కాలి.