పిత్తాశయము – క్రొత్త మందులు

కాలేయము తయారుచేయు పైత్యరసము భోజనముల నడుమ పిత్తాశయమను చిన్న సంచిలో నిలువయై చిక్కబడును. ఆహారమందలి క్రొవ్వు చిన్నప్రేవును చేరగానే ఆ సంచి ముడుచుకొని రసమును వదలును. ఇందుకు కారణమైన హార్మోనును 1928లో అమెరికాలో ఐవీ, ఓల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు గుర్తించి, కొలెసిస్టోకైనిన్ అని పేరిడిరి.

1992లో జాన్ ఎంగ్ అను వైద్యుడు గిలా మాన్‌స్టర్ అను బల్లి విషమందు ఎక్సెండిన్-4 అను పదార్థమును కనుగొన్నట్లు ప్రకటించెను. అది మన ప్రేవులలో పుట్టు జి.ఎల్.పి-1 హార్మోను వలె పనిచేసి, రక్తములో చక్కెర పెరిగినపుడు ఇన్సులినును ఊరించును. దానిననుసరించి చేసిన ఎక్సెనటైడు 2005లో అమెరికాలో మధుమేహమునకు మందుగా అనుమతి పొందెను. 2010లో లిరాగ్లుటైడు, 2017లో సెమాగ్లుటైడు వచ్చినవి. ఆకలిని తగ్గించుటచే ఈ రెండును స్థూలకాయమునకు గూడ మందులైనవి.

అయితే ఎక్సెనటైడు పిత్తాశయపు ముడుపును తగ్గించునని ప్రయోగములలో కనబడినది. అదిగాక బరువు వేగముగా తగ్గునపుడు ఒంటి క్రొవ్వులోని కొలెస్టరాలు పైత్యరసమును చేరును. కదలక నిలిచిన రసములో అది స్ఫటికమై రాళ్లు కట్టవచ్చును.

1,03,371 మందిపై జరిగిన 76 పరీక్షలను 2022లో కలిపి చూడగా, ఈ జాతి మందులు వాడినవారిలో పిత్తాశయ, పిత్తనాళ వ్యాధుల అవకాశము 37 శాతము హెచ్చని తేలెను. మోతాదు, కాలము పెరిగినకొలది ప్రమాదమును పెరిగెను. ఐనను పదివేలమంది ఒక యేడాది వాడినచో అదనముగా వ్యాధి కలుగునది సుమారు 27 మందికే. కనుక భయపడి మందు మానవలసిన పనిలేదు. కడుపు కుడి పైభాగమున తీవ్రమైన నొప్పి, జ్వరము, కామెర్లు కనిపించినచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.